ఉప్పెన పిల్లలు

1978 సంక్రాంతి సెలవులయ్యాక మన క్రైస్తవ హాస్టల్లో చేరినవాళ్లని మిగతా పిల్లలు 'ఉప్పెన పిల్లలు' అనేవారు. ఎగతాళి కాదు, అదొక గుర్తు. కైకలూరోళ్లు, గుడివాడోళ్లు అన్నట్టే మమ్మల్నీ అలా పిలిచేవారు. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమలో సముద్రం ఊళ్ల మీదికొచ్చింది. పోయినవాళ్లు పదివేల దాకా ఉంటారని సర్కారు లెక్క. మా వైపు ఆ లెక్కని నమ్మినవాడు ఒక్కడూ లేడు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి పేర్లు అప్పట్లో పేపర్లు చదివిన అందరికీ తెలుసు. మా పేట పేరు పేపర్లోకి కూడా ఎక్కలేదు. నేను తుమ్మచెట్టుకి చిక్కుకుని బతికాను. అమ్మ, నాన్న, చెల్లి దక్కలేదు. ఆ రాత్రి గురించి ఇంతకు మించి రాయను.

మేం పుట్టుకతోనే క్రైస్తవులం. పేటలో తాటాకుల గుడి ఉండేది, నాన్న ఆదివారం ఆదివారం డప్పు వాయించేవాడు. కాబట్టి దేవుడు నాకు కొత్త కాదు. చెట్టు మీద ఉన్నంతసేపూ నాకొచ్చిన ప్రార్థనలన్నీ చేశాను. హాస్టలుకి వచ్చేనాటికి ఇక ప్రార్థన మానేశాను. పొద్దున బెల్లు కొట్టగానే అందరితో పాటు చాప మీద కూర్చునేవాణ్ణి, కళ్లు మాత్రం మూసేవాణ్ణి కాదు. వార్డెన్ అయ్యగారు అది చూశారు. ఏమీ అనలేదు.

మొదట్లో మాకు దొరికిన సువార్త అంతా వంటింట్లోంచి వచ్చిందే. గోధుమరవ్వ ఉప్మా, పాలపొడి కలిపిన పాలు, రాత్రికి చింతపండు చారు. ఆ ఉప్మాని మీరంతా తిట్టుకునేవారు, నేనూ తర్వాత తిట్టాను. చేరిన కొత్తలో మాత్రం వంట మామ్మ రెండోసారి వడ్డిస్తుంటే వద్దనడం నాకు చేతకాలేదు. చాలా ఏళ్లకి బైబిల్లో ఏలీయా ప్రవక్త కథ మళ్లీ చదివినప్పుడు ఆవిడే గుర్తొచ్చింది. బదరీ చెట్టు కింద పడి, నా ప్రాణం తీసెయ్యి ప్రభువా అని అడిగినవాడికి దేవదూత బోధ చెయ్యలేదు. లేచి తిను అన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాత, చాలా దూరం నడిచాక. దుఃఖంలో ఉన్నవాడి ఇంటికి వాక్యం పట్టుకుని పరిగెత్తేవాళ్లని చూస్తే ముందు క్యారేజీ పట్టుకెళ్లండయ్యా అనాలనిపిస్తుంది నాకు.

వాన పడితే మన రేకుల కప్పు చేసే చప్పుడు మీకు గుర్తుండే ఉంటుంది. మీకది హాయి, దుప్పటి కప్పుకుని పడుకునేవారు. మా గదిలో మాత్రం ఒకడు లేచి ఏడిస్తే అందరం లేచేవాళ్లం. పక్కలు తడిపేసేవాళ్లం. అయ్యగారు హరికేన్ లాంతరు పట్టుకొచ్చి గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని వాన తగ్గేదాకా కూర్చునేవారు. ఏడవకండ్రా అని ఎప్పుడూ అనలేదు. తడిసిన పక్కబట్టలు తెల్లారేసరికి మేట్రన్ అమ్మగారు ఉతికి ఆరేసేవారు, ఎవడివో మిగతావాళ్లకి తెలియనిచ్చేవారు కాదు.

ఓ వానరాత్రి ఆయన లాంతరు వెలుగులో బైబిలు తీసి 69వ కీర్తన చదివారు. నీళ్లు ప్రాణం మీదికి వచ్చాయి, కాలు నిలవని ఊబిలో దిగిపోతున్నాను, అరిచి అరిచి గొంతు ఎండిపోయింది అని మొదలవుతుంది. నేను లేచి కూర్చున్నాను.

"అయ్యగారూ, ఆయన కూడా ఉప్పెనలో ఉన్నాడాండీ?"

"ఏ నీళ్లో మనకి తెలీదురా. ములిగిపోతున్నానని మాత్రం దేవుడి మొహం మీదే చెబుతున్నాడు."

"అలా అనొచ్చాండీ?"

"రాసి పెట్టారుగా. అనొచ్చు."

ఆ మాట నాకెంత పని చేసిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అప్పటిదాకా నాకు తెలిసిన ప్రార్థనంటే స్తోత్రం, వందనం, ఆమెన్. కోపం పెట్టుకోడానికి అందులో చోటు లేదు. ఉన్న నూట యాభై కీర్తనల్లో మొర పెట్టుకునేవే బోలెడున్నాయని ఆయనే ఒక్కొక్కటీ వెతికి చూపించారు. చాలావాటిలో చివరికొచ్చేసరికి స్తుతి వస్తుంది. 88వ దాంట్లో అదీ రాదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. దాన్ని కూడా తీసెయ్యకుండా పరిశుద్ధ గ్రంథంలో ఉంచారంటే, ఇంకా స్తుతి పాడలేనివాడికీ గుడిలో చాప పరిచి ఉందన్నమాటే. ఈ రోజుల్లో మైకులు పెట్టి పాడే పాటలన్నీ ఆనందం, విజయం, ఆశీర్వాదం. మొన్నే భర్తని మట్టి చేసి వచ్చినావిడ ఆ సభలో ఏం పాడుతుందని పెద్దలెవరైనా ఆలోచించారో లేదో.

యేసు తుఫానుని గద్దించిన కథ సండేస్కూల్లో వచ్చినప్పుడు నేను గొడవ చేశాను. శిష్యుల పడవ కోసం నిద్ర లేచినాయన మా పేట కోసం ఎందుకు లేవలేదని అడిగాను. టీచరమ్మకి ఏం చెప్పాలో తోచక అయ్యగారి దగ్గరికి పంపింది. ఆయన చాలాసేపు ఊరుకుని, "నేనూ అదే అడుగుతున్నానురా ఆయన్ని" అన్నారు. జవాబు చెప్పలేదు. ఉప్పెన తర్వాతి వారం సహాయానికి వెళ్లినవాళ్లతో కలిసి ఆయన కూడా దివిసీమలో శవాలు పూడ్చారని నాకు పెద్దయ్యాక మేట్రన్ అమ్మగారు చెప్పారు.

మరోసారి పైనుంచి వచ్చిన ప్రసంగీకుడొకాయన, ఆ ఉప్పెన ప్రజల పాపానికి దేవుడు వేసిన శిక్ష అని చెప్పాడు. ఆయన పేరు నాకు గుర్తుంది, రాయను. అయ్యగారు మధ్యలో లేచి, "ఉప్పెన పిల్లలు బయటికి వెళ్లి ఆడుకోండర్రా" అన్నారు. ప్రసంగం జరుగుతుండగా ఆడుకోమనడం మన హాస్టలు చరిత్రలో అదొక్కసారే అనుకుంటా. ఆ ప్రసంగీకుణ్ణి మళ్లీ మన గుళ్లో చూడలేదు.

నా చేతుల మీద, ఛాతీ మీద తుమ్మముళ్ల మచ్చలుండేవి. బావి దగ్గర చొక్కా విప్పడానికి సిగ్గుపడేవాణ్ణి. ఒక ఈస్టరుకి అయ్యగారు, యేసు లేచాడంటే నమ్మని శిష్యుడు తోమా సంగతి చెబుతూ, మరణాన్ని గెలిచి లేచినాయన చేతులకి కూడా గాయాల గుర్తులు పోలేదని, వాటిని దాచుకోకుండా చూపించాడని అన్నారు. నా వైపు చూడలేదు. అయినా అది నాకోసమే చెప్పారని నాకు తెలుసు. అప్పుడే గాయం తగ్గడమంటే ఏమిటో ఓ మోస్తరుగా అర్థమైంది. ముట్టుకోగానే మచ్చలు మాయమవుతాయని స్వస్థత సభల పోస్టర్లు చూసినప్పుడల్లా నాకు ఈ ఈస్టరే గుర్తొస్తుంది.

ఇక బాప్తీసం. మనది బాప్టిస్టు సంఘం, నీళ్లలో పూర్తిగా ముంచాల్సిందే. ఏటా ఈస్టరు ముందు కాలవ రేవులో ఇచ్చేవారు. తొట్టి దగ్గర చెంబుతో పోసుకునే నేను కాలవలో కాలు పెట్టేవాణ్ణి కాదు. "బట్టలకి కాపలా ఉండు చాలు" అని అయ్యగారు నన్ను గట్టు మీద కూర్చోబెట్టేవారు. నాతో వచ్చినవాళ్లు ఒక్కొక్కరే తెల్లబట్టల్లో దిగి పైకి వచ్చేవారు. నేను తువ్వాళ్లు అందించేవాణ్ణి.

పదో తరగతిలో ఆయన్ని అడిగాను, ముంచకుండా నెత్తిన చల్లితే కుదరదా అని. చల్లే సంఘాలూ ఉన్నాయి, వాళ్లూ మనవాళ్లే, కావాలంటే ఉత్తరం రాసిస్తాను అన్నారు. తర్వాత బైబిల్లో రోమా పత్రిక, అంటే పౌలు రోమా సంఘానికి రాసిన ఉత్తరం తీసి, బాప్తీసం అంటే క్రీస్తుతో పాటు పాతిపెట్టడం, ఆయనతో పాటు లేవడం అని చదివారు. "నువ్వొకసారి ములిగి లేచినవాడివి, నీకు కొత్తగా చెప్పేదేముంది? ఈసారి పట్టుకునేవాళ్లుంటారు" అన్నారు.

ఆ ఏడు దిగాను. మొలలోతుకి వచ్చేసరికి మోకాళ్లు వణికాయి. ఆయన ఎడం చెయ్యి నా వీపు కింద పెట్టారు, రెండో పక్క మన లెక్కల మాస్టారు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున అంటుండగానే నీళ్లు చెవుల్లోకి వచ్చాయి. అదే చప్పుడు. అంతలోనే పైకి లేపారు. దగ్గుతూ, ముక్కుల్లోంచి నీళ్లు కారుతూ భోరున ఏడ్చాను. గట్టు మీద ఆడవాళ్లు ఆనందబాష్పాలనుకుని హల్లెలూయ అన్నారు. నిజానికి అది భయం. కానీ ఆ ఏడుపులో అమ్మని పిలిచాను. అప్పటిదాకా ఆ పేరు పైకి అనలేదు.

భయం ఆ రోజుతో పోలేదు, వానాకాలాలు ఇంకా కష్టంగానే గడిచాయి. అయితే ఆ వేసవి నుంచి ప్రార్థనలో కళ్లు మూసుకోగలిగాను. తర్వాత ట్రైనింగు, టీచరుద్యోగం, పెళ్లి, ఇద్దరు పిల్లలు, అందరికీ ఉండేవే.

1990 మే 9న మళ్లీ తుఫాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. అప్పటికి నేను అటువైపు బళ్లో పని చేస్తున్నాను. ఈసారి ముందే తెలిసింది, లక్షల మందిని ఖాళీ చేయించారు. ఉప్పెన తర్వాత తీరంలో కట్టిన షెల్టర్లు జనంతో కిక్కిరిసిపోయాయి. మా షెల్టర్లో గంజి కాచే పని నాది. గాలి మొదలయ్యాక ఒక ముసలమ్మ, "మాస్టారూ, మీరు గుడికెళ్తారుగా, ఏదోటి చెప్పండి" అంది. నాకు చూడకుండా వచ్చింది 69వ కీర్తనే. రాగం లేకుండా, గాలి మీదుగా గట్టిగా అప్పజెప్పాను. వినేవాళ్లలో మనవాళ్లు సగం కూడా లేరు. గొంతు ఎండిపోయిందన్న చోట ముసలమ్మ, "నిజమే బాబూ" అంది.

అయ్యగారు లేరు, మేట్రన్ అమ్మగారూ లేరు. వంట మామ్మ పేరు మనలో ఎవరికైనా తెలిస్తే కమిటీకి చెప్పండి, జ్ఞాపకార్థ ఫలకంలో ఆవిడ పేరు ఉండి తీరాలి. ఈసారి మన హాస్టలు పాత విద్యార్థులం కలిసే ఆదివారం ఆరాధనలో పాఠం చదివే పని నాకిచ్చారు. 88వ కీర్తన చదువుతానన్నాను. పండగ పూట అదెందుకండీ, కనీసం చివర్లో ఒక స్తుతి వచనం కలపండి అని కార్యదర్శి తమ్ముడు ఫోన్ చేశాడు. కలపనన్నాను. స్తుతి పాట తర్వాత క్వయిర్ ఎలాగూ పాడుతుందిగా, పాడనివ్వండి. నా భాగం వరకు అక్కడ రాసినంతే చదువుతాను.