ఐటీ బ్రాంచి న్యూస్‌లెటర్: రిజిస్టరు నుంచి ప్రెస్సు దాకా

పాలిటెక్నిక్‌లో న్యూస్‌లెటర్ ఎప్పుడు పుడుతుందో అందరికీ తెలిసిందే: కోర్సులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు ఎన్‌బీఏ బృందం తనిఖీకి వచ్చే తేదీ ఖరారైన మర్నాడు. ఫోన్లలోంచి పాత ఫొటోలు తవ్వి తీసి, మూడేళ్ల సంచికలు ఒకే వారంలో కట్టేస్తారు. దొరికిపోవడమూ అంతే సులువు. మూడేళ్ల కిందటి సంచికలో నిరుడు బదిలీ మీద వచ్చిన హెచ్‌ఓడీ సందేశం నవ్వుతూ కనిపిస్తుంది. నాలుగు పేజీలే అయినా మూణ్నెల్లకోసారి నిజంగా వేయాలంటే పని ప్రెస్సు దగ్గర మొదలవదు, రిజిస్టరు దగ్గర మొదలవుతుంది.

రిజిస్టరంటే పెద్ద ఏర్పాటేమీ కాదు. ఒక షేర్డ్ షీటు చాలు: తేదీ, ఏం జరిగింది, ఏ సెమిస్టర్, ఎంతమంది, ఎన్ని గంటలు, ఆధారం ఏమిటి, ఫొటో ఫైలు పేరు. ఆధారం అంటే సర్క్యులరో, హాజరు షీటో, సర్టిఫికెటో. ఏ రోజుది ఆ రోజు సాయంత్రమే నింపాలి. వారం దాటితే 52 మంది కాస్తా 'సుమారు 60 మంది' అవుతారు. ఎడిటర్లుగా మాత్రం ఫైనలియర్ పిల్లల్ని పెట్టొద్దు. ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కి వెళ్లిపోతే సంచిక మధ్యలో ఆగిపోతుంది. సెకండియర్ నుంచి ఇద్దరు, వాళ్ల పని చూసి నేర్చుకోవడానికి ఫస్టియర్ నుంచి ఒకరు ఉంటే సరిపోతుంది.

ఇక వార్త రాసే తీరు. "సైబర్ సెక్యూరిటీపై అవగాహన సదస్సు ఘనంగా నిర్వహించారు. విద్యార్థులు సాంకేతికతను సద్వినియోగం చేసుకోవాలని వక్త పిలుపునిచ్చారు." ఈ రెండు వాక్యాల్లో 'సైబర్ సెక్యూరిటీ' తీసేసి 'రోడ్డు భద్రత' పెట్టినా చెల్లుతుంది. అలా చెల్లిందంటే అక్కడ వార్త లేనట్టే. అదే కార్యక్రమాన్ని ఇలా రాయొచ్చు: "నాలుగో సెమిస్టర్ విద్యార్థులు 52 మంది మూడు గంటల సెషన్‌లో వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో తమ సిస్టమ్ నుంచి వెళ్లే ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, పట్టి చూశారు. హెచ్‌టీటీపీ పేజీలో కొట్టిన పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు కనిపించింది. డేటాని గుప్తంగా మార్చి పంపే హెచ్‌టీటీపీఎస్ పేజీలో కొట్టింది కనిపించలేదు." ఇది చదివినవాడు ల్యాబ్‌కెళ్లి తానూ చేసి చూస్తాడు.

ఎక్కువ తప్పులు జరిగేది ప్లేస్‌మెంట్ల దగ్గర. అప్రెంటిస్‌షిప్‌ని ఉద్యోగంగా రాసేస్తారు. డిప్లొమా చేసినవాళ్లను కంపెనీలు అప్రెంటిస్‌లుగా తీసుకోవడం మామూలే. 2019లో సవరించిన నిబంధనల్లో వాళ్లకు నెలకు కనీస స్టైపెండ్ 8,000 రూపాయలుగా పెట్టారు. అది జీతం కాదు, గడువయ్యాక ఉద్యోగం ఇస్తారన్న హామీ కూడా కాదు. ఆఫర్ లెటర్ చేతికి తీసుకుని అందులో ఏ మాట ఉంటే ఆ మాటే వేయండి. ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరినవాళ్లది వేరే లెక్క, దాన్ని ప్లేస్‌మెంట్లలో కలపొద్దు.

ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులకు ఇచ్చే ఎన్‌పీటీఈఎల్ సర్టిఫికెట్లదీ ఇదే గొడవ. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 కలిపి 60 నుంచి 74 వస్తే ఎలైట్, 75 నుంచి 89 అయితే ఎలైట్‌తో సిల్వర్, 90, ఆపైన వస్తే గోల్డ్. 40 నుంచి 59 వచ్చినవాళ్లకు ఉత్తీర్ణత సర్టిఫికెట్ మాత్రమే ఉంటుంది. అందర్నీ కలిపి 'ఎలైట్ సాధించారు' అని రాస్తే నిజంగా గోల్డ్ తెచ్చుకున్న పిల్ల మొహం చూడాలి! కోర్సు పేరు, ఎన్ని వారాలు అన్నవి కూడా వేయండి. నాలుగు వారాల కోర్సూ పన్నెండు వారాల కోర్సూ ఒకటి కావు.

స్టాఫ్ వార్తలు క్లుప్తంగా సరిపోతాయి. ఎఫ్‌డీపీ (అధ్యాపకుల శిక్షణ కార్యక్రమం) అయితే ఎవరు నిర్వహించారు, ఎన్ని రోజులు, ఆన్‌లైనా నేరుగానా అన్నవి చాలు. పీహెచ్‌డీ థీసిస్ సబ్మిట్ చేసినంత మాత్రాన పేరు ముందు డాక్టర్ చేర్చకండి, అవార్డయ్యాకే. 'గారు' విషయంలో ఒక కట్టుబాటు ఉండాలి. హెచ్‌ఓడీకి పెట్టి ల్యాబ్ అటెండర్‌కి పెట్టకపోవడం బాగోదు. పెడితే అందరికీ పెట్టాలి. అన్నట్టు, ల్యాబ్ వార్తలు దాదాపు ఎవరూ వేయరు. ముప్పై సిస్టములకు హార్డ్‌డిస్కులు తీసి వాటికన్నా వేగమైన ఎస్‌ఎస్‌డీలు వేశారనుకోండి, నాలుగు జీబీ ర్యామ్‌ని ఎనిమిది చేశారనుకోండి, ఆండ్రాయిడ్ స్టూడియో తెరుచుకునేదాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చునే పిల్లలకు అదే మొదటి పేజీ వార్త.

తెలుగు పేజీల దగ్గరికి వస్తే అసలు చిక్కు మొదలవుతుంది. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు నడుస్తున్నాయి. అను యూనికోడ్ (అన్ని సిస్టములూ గుర్తించే అక్షర ప్రమాణం) కాదు. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి, వెతికినా ఏదీ దొరకదు. మొదట్నుంచీ యూనికోడ్‌లోనే కొట్టండి. బాడీకి మండలి, శీర్షికలకు రామభద్ర, పొన్నాల లాంటి ఉచిత ఫాంట్లు ఉన్నాయి. మండలికి ఒకటే మందం. బోల్డ్ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ దొంగ బోల్డ్ తయారుచేస్తుంది, అక్షరాల లోపలి సందులు పూడుకుపోతాయి. 11 పాయింట్ల అక్షరానికి లైన్ స్పేసింగ్ కనీసం 16 పాయింట్లు ఇవ్వకపోతే పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతాయి.

ఐటీ వాళ్ల పత్రికలో అడుగడుగునా తగిలే తప్పు ఇంకొకటుంది. 'సాఫ్ట్వేర్', 'డిపార్ట్మెంట్', 'నెట్వర్క్' అని పడతాయి. పొల్లు తర్వాత హల్లు కొడితే తెలుగు లిపి దాన్ని ఒత్తుగా మార్చేస్తుంది, అది లిపి ధర్మం. చాలామంది మధ్యలో స్పేస్ కొట్టి గట్టెక్కుతారు. అప్పుడు 'సాఫ్ట్' లైను చివర, 'వేర్' కింది లైనులో పడుతుంది. అక్కడ పెట్టాల్సింది జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు. ఎంఎస్ వర్డ్‌లో పొల్లు పక్కన కర్సర్ పెట్టి, 200 అంకె వెంటనే ఇంగ్లిష్ సి అక్షరం కొట్టి, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. కొట్టింది మాయమై ఒత్తు విడిపోతుంది: సాఫ్ట్‌వేర్. ఒక్కసారి సరిచేసిన మాటని కాపీ చేసుకుంటే మిగతావన్నీ ఫైండ్, రీప్లేస్‌తో మారిపోతాయి. ఇన్‌డిజైన్ వాడేవాళ్లు పేరాగ్రాఫ్ సెట్టింగ్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి, లేకపోతే ఒత్తులు చెల్లాచెదురవుతాయి. లిబ్రెఆఫీస్‌లో ఆ బెడద లేదు. పీడీఎఫ్ చేశాక మూల ఫైలు పారేయకండి. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే యూనికోడ్ తెలుగైనా ఒత్తులు అటూ ఇటూ అవుతుంటాయి.

ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోతాయి. డాక్యుమెంటుగా పంపమనండి. తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పు కాలమ్‌లో 300 డీపీఐతో (అంగుళానికి 300 చుక్కలు) అచ్చు కావాలంటే దాదాపు 1,060 పిక్సెళ్లు ఉండాలి. గ్రూప్ ఫొటోలోంచి ఒక మొహం కత్తిరిస్తే అందులో రెండొందలు కూడా ఉండవు. పూలగుచ్ఛాలు ఇచ్చే ఫొటో కన్నా పిల్లలు సిస్టమ్ ముందు పనిచేస్తున్న ఫొటో మేలు.

ఫొటో కింద పేరు వేయండి, పిన్ నంబరు (విద్యార్థి రోల్ నంబరు) మాత్రం వద్దు. పిన్ తెలిస్తే పాలిటెక్నిక్ పరీక్షలు పెట్టే ఎస్‌బీటెట్ బోర్డు ఫలితాలు ఎవరైనా తెరిచి చూడొచ్చు. పైగా ఫస్టియర్ పిల్లలు పదో తరగతి నుంచి నేరుగా వచ్చినవాళ్లు, పద్దెనిమిది నిండనివాళ్లే. ఫొటో నెట్‌లో పెట్టే ముందు ఇంట్లోవాళ్ల అనుమతి తీసుకోండి.

అచ్చుకిచ్చేటప్పుడు పేజీలు నాలుగు చొప్పునే పెరగాలి, ఏ3 షీటు మడిస్తే నాలుగు పేజీలు కాబట్టి. ఎనిమిది పేజీలైతే 8, 1 ఒకవైపు, 2, 7 దాని వెనక. రెండో షీటు మీద 6, 3 ఒకవైపు, 4, 5 వెనక. ఇలా షీటుకి ఒక్కో వైపు పక్కపక్కన పడే రెండు పేజీల అంకెలు కూడితే, ఎనిమిది పేజీల సంచికలో ఎప్పుడూ తొమ్మిదే రావాలి, రాకపోతే తప్పు కట్టినట్టు. చుట్టూ మూడు మిల్లీమీటర్లు బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) వదలండి. ముదురు రంగు మీద తెల్లటి చిన్న తెలుగు అక్షరాలు వద్దు, సిరా పాకి సన్నని గీతలు మూసుకుపోతాయి. వంద కాపీల లోపైతే డిజిటల్ ప్రింట్ చాలు, దానికి ఆఫ్‌సెట్ ప్లేట్లు వేయించడం దండగ.

ప్రూఫు కాగితం మీదే చూడండి, స్క్రీన్ మీద కాదు. పేరున్న ప్రతి ఒక్కరికీ చూపించి, పక్కన పెన్నుతో టిక్కు పెట్టించుకోండి. స్పెల్లింగు మీద తగువొస్తే పదో తరగతి మెమోలో ఎలా ఉంటే అలా.