"అను, అను" నుంచి "అవును, పడింది" దాకా

1960, 70ల్లో అమెరికాలో భాష సరిగా రాని పిల్లల థెరపీ ఎక్కువగా కార్డులతోనే సాగేది. థెరపిస్టు బొమ్మ చూపించి "బంతి" అంటే పిల్లాడూ "బంతి" అనాలి. అంటే చేతిలో ఒక చాక్లెట్టు. గదిలో గడగడా చెప్పినవాడు ఇంటికెళ్లి బంతి కావాలంటే మళ్లీ వేలే చూపించేవాడు. వాడికి అలవాటైంది కార్డుకు జవాబు చెప్పడమే, అడగడం కాదు కదా!

1975లో మాంట్రియల్‌లో మొదలైన హానెన్ కార్యక్రమం పిల్లలతో మాట్లాడే తీరులో తల్లిదండ్రులకే శిక్షణ ఇచ్చింది. 80ల నుంచి రీకాస్ట్ పద్ధతి బలపడింది. పిల్లాడు తప్పుగా అన్నదాన్ని, అర్థం మార్చకుండా, వెంటనే సరైన రూపంలో తిరిగి అనడమే రీకాస్ట్. వాడు "కుక్క పడ్డాడు" అంటే మీరు "అవును, కుక్క పడింది" అనాలి. అంతే, మళ్లీ అనమని అడగకూడదు.

చెడేది ఇక్కడే. "అలా కాదు, పడింది అను" అన్నారంటే పాత పద్ధతికి వెళ్లిపోయినట్టే. "అయ్యో, నల్ల కుక్క మెట్లమీంచి జారి పడింది" అని సాగదీస్తే అసలు దిద్దాల్సిన "-ఇంది" మాటల గుంపులో కలిసిపోతుంది. వాడు బొమ్మ వైపు చూస్తుండగా అంటే చెవికెక్కదు. ముందు మీ వైపు చూడనివ్వండి. ఒకేసారి నాలుగు తప్పులు దిద్దబోకండి, ఒక్క రూపమే పట్టుకోండి.

క్రియలు మారుస్తూ ఉండాలి. ఇంగ్లీషు మాట్లాడే పిల్లలతో చేసిన 2014 నాటి అధ్యయనంలో రెండు గుంపులకూ సెషన్‌కు 24 రీకాస్టులే. ఒక గుంపుకు 12 క్రియలు రెండేసిసార్లు, రెండో గుంపుకు 24 వేర్వేరు క్రియలు. బాగా నేర్చింది రెండో గుంపే. తెలుగులో మనం చేస్తే పడింది, విరిగింది, తాగింది, ఎక్కింది, దూకింది అంటూ ఆటలోనే మార్చుకుంటూ పోవచ్చు. ఒకేసారి అరగంట కూర్చోలేని పిల్లలకు రోజులో పది నిమిషాల చొప్పున మూడుసార్లు చేసినా ఫలితంలో పెద్ద తేడా లేదని తర్వాతి అధ్యయనం చెప్పింది.

90ల్లో కంప్యూటర్ ఆటల మోజు వచ్చింది. శబ్దాలను సాగదీసి వినిపించే ఫాస్ట్‌ఫర్‌వర్డ్ మీద చాలా ఆశ పెట్టుకున్నారు. 2008లో వచ్చిన పెద్ద పోలిక పరీక్షలో అది మిగతా పద్ధతులకంటే మెరుగేమీ కాదని తేలింది. ఈలలు ఊదించడం, నాలుక వ్యాయామాలు మన క్లినిక్కుల్లో ఇంకా కనిపిస్తాయి. వాక్యం కట్టడం రాని పిల్లాడికి వాటితో ఒరిగేదేమీ లేదు. వస పోయడం సంగతి సరేసరి.

2017 నాటికి నిపుణులు పిల్లలకు భాష సరిగా రాని ఈ ఇబ్బందికి డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ అన్న పేరు ఖాయం చేశారు. తెలివితేటల స్కోరుకూ భాషకూ మధ్య పెద్ద అంతరం ఉంటేనే ఈ సమస్య ఉన్నట్టన్న పాత షరతు పోయింది. ఆ షరతు పేరుతో థెరపీ దక్కని పిల్లలకు ఇది పెద్ద మార్పు.

పని చేస్తోందో లేదో చూడాలంటే సెషన్లో వాడిన క్రియలు అడక్కండి. "గాలిపటం ఏమైంది?" లాంటి కొత్తది అడగండి. "చిరిగింది" అని వాడంతట వాడే అంటే ఆ రూపం పట్టుబడినట్టే, తర్వాతి దానికి వెళ్లొచ్చు.