ఆ గడి ఖాళీగా ఉంచమంది

స్కూలు ఫారం నింపుతూ 'మతం' అన్న గడి దగ్గరికి రాగానే మా అమ్మాయి నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది. "అమ్మా, అక్కడ ఏమీ రాయకు. నేను నమ్మడం మానేసి రెండేళ్లయింది." అప్పటికే మొదటి అక్షరం రాసేశాను. కొట్టేయాలో పూర్తి చేయాలో తెలియక పెన్ను అక్కడే ఆనించి కూర్చుంటే, ఆ అక్షరం పక్కన సిరా చుక్క పెద్దదైపోయింది.

దానికిప్పుడు పదిహేనేళ్లు. అంటే పదమూడో ఏట నుంచీ అన్నమాట. ఈ రెండేళ్లూ రోజూ రాత్రి నా పక్కనే కూర్చుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. మరి అదంతా ఏమిటే అంటే, "నువ్వు బాధపడతావని" అంది. నమ్మకం పోయిందన్న మాట కంటే ఈ మాటే ఎక్కువ గుచ్చుకుంది. అంత పక్కన కూర్చున్న పిల్ల మనసులో ఏముందో నాకు తెలియలేదు.

ఏది విన్నా 'ఎందుకు' అని అడగమని నేర్పింది నేనే. సైన్సులో అడిగితే మురిసిపోయాను. దేవుడి గురించి అడిగితే మాత్రం "పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలే" అని దాటేశాను, నా దగ్గర జవాబు లేకే. ఈ దేశం వచ్చిన కొత్తలో, పలకరించే మనిషి లేని రోజుల్లో, ప్రార్థన చేస్తుంటే మా అమ్మ గొంతు వినిపించేది. అందులో నమ్మకం ఎంత, ఇంటి మీద బెంగ ఎంత అని ఎప్పుడూ విడదీసి చూసుకోలేదు. ఆ బెంగ దానికెందుకుంటుంది? అది పుట్టిందే ఇక్కడ.

ఆ రాత్రి నిద్రపట్టక ఫోన్‌లో వెతికాను. తమ నమ్మకాల ప్రకారం పిల్లలకు మత, నైతిక విద్య చెప్పించుకునే స్వేచ్ఛ తల్లిదండ్రులకు ఉందని ఐక్యరాజ్యసమితి 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 18వ అధికరణంలో కనిపించింది. హమ్మయ్య అనుకున్నా. ఇంకాస్త చదివితే, 1948 మానవ హక్కుల ప్రకటన మతం మార్చుకునే స్వేచ్ఛ గురించి సూటిగానే చెబుతోంది. 1989 బాలల హక్కుల ఒడంబడిక 14వ అధికరణమైతే పిల్లలకూ ఆలోచన, అంతరాత్మ, మత స్వేచ్ఛ ఉన్నాయంటుంది. తల్లిదండ్రులు దారి చూపొచ్చు గానీ పిల్లల ఎదుగుదలకు తగ్గట్టు చూపాలట. ఎదుగుదల అన్న మాట దగ్గర ఆగిపోయాను. కన్నకూతురి మీద గెలవడానికి అర్ధరాత్రి సాక్ష్యాలు వెతుక్కుంటున్నానా అని సిగ్గేసి ఫోన్ పక్కన పెట్టేశా.

ఇలాంటి పరిస్థితి వచ్చిన అమ్మానాన్నలకు చెప్పేదేమిటంటే, వాదించకండి. భయపెట్టకండి. 'ఫ్రెండ్స్ చెడగొట్టారు' అని అసలు అనకండి. నేను అన్నాను, వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మరి ఏమీ అనకుండా ఊరుకుంటే? నాకు పట్టలేదనుకుంటే? నాకు ఇంత ముఖ్యమైనదాన్ని మౌనంగా వదిలేయడం నిజాయితీయేనా? ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఇప్పుడు రాత్రిపూట నేనొక్కదాన్నే కూర్చుంటున్నా. ఒక్కోసారి అది తలుపు దగ్గర నిలబడి, నేను కళ్లు తెరిచేదాకా ఆగి, గుడ్‌నైట్ చెప్పి వెళ్తుంది.

ఒక్కటి మాత్రం అడిగాను దాన్ని, అమ్మమ్మకు చెప్పొద్దని. ఆదివారం వీడియో కాల్‌లో మా అమ్మ ఎప్పటిలాగే అడిగింది, "ప్రార్థన మానట్లేదుగా తల్లీ?"

అది జవాబివ్వకుండా నా వైపు చూసింది.

"రోజూ చేస్తోందమ్మా" అన్నాను నేను.