చుక్కాని బుష్షు దగ్గర జరిగే పొరపాట్లు

నెల్లూరు జిల్లా జువ్వలదిన్నె హార్బరులో ఒడ్డుకెక్కించిన బోటు చుక్కానిని రెండు చేతులా పట్టుకుని ఊపి చూడండి. టకటకలాడితే బుష్షు, అంటే చుక్కాని షాఫ్టు (నిలువు కడ్డీ) తిరిగే గొట్టంలాంటి తొడుగు, అరిగింది. బిగుసుకుని తిరగనంటే, అది నైలాన్ బుష్షేమో ముందు చూడాలి. నైలాన్ నీళ్లు తాగి ఉబ్బుతుంది. బయట ఇనుప గొట్టం అడ్డం కాబట్టి లోపలికి, షాఫ్టు మీదికి మూసుకొస్తుంది.

కాంపోజిట్ బుష్షుకు ఆ బాధ చాలా తక్కువ. పాలిస్టర్ బట్టను రెసిన్‌లో (గట్టిపడే జిగురులో) తడిపి, పొరలుగా చుట్టి గట్టిపరుస్తారు. జారుడు కోసం పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) పొడి కలుపుతారు. లేత్ మీద నీళ్లు పోయకుండా, కార్బైడ్ టూలుతో పొడిగానే కోయాలి. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకుండా మాస్కు తప్పనిసరి.

అసలు తప్పంతా కొలతలోనే. 100 మి.మీ. ఉక్కు వేడి 10 డిగ్రీలు పెరిగితే 0.012 మి.మీ. పెరుగుతుంది. కాంపోజిట్ అంతకు కొన్ని రెట్లు. నెల్లూరు మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో తీసిన కొలతను నమ్మకండి. రాత్రంతా నీడలో ఉంచి తెల్లవారుజామున కొలవండి. ఇంకొకటి: బిగింపు కోసం బయటి వ్యాసం 0.20 మి.మీ. ఎక్కువ ఉంచితే, ఎక్కించాక లోపలి రంధ్రం వ్యాసం కూడా దాదాపు అంతే తగ్గుతుంది. ఇది లెక్కలోకి తీసుకోకపోతే కొత్త బుష్షు కూడా పట్టేస్తుంది.

సుత్తితో కొట్టి ఎక్కించొద్దు, అంచు పొరలు విడిపోతాయి. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచితే బుష్షు కుంచించుకుని, చేత్తో నెడితేనే లోపలికి జారుతుంది. మందపాటి గ్లవుజులు, గాలి ఆడే చోటు ఉండాలి. ఇరుకు గదిలో ఆ ఆవిరి ప్రాణవాయువును తోసేస్తుంది, మనిషికి తెలిసేలోపే స్పృహ పోతుంది.

షాఫ్టు గుంటలు పడి ఉంటే ముందు దానికి స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవు (పైతొడుగు) వేయించండి. గరుకు షాఫ్టు ఆకురాయిలా ఏ బుష్షునైనా తినేస్తుంది.