గుల్‌మార్గ్ మంచు పొరల కింద

మేము గుల్‌మార్గ్ చేరిన సాయంత్రమే పడమటి నుంచి వచ్చి శీతాకాలంలో మంచు కురిపించే వాతావరణ అలజడి, వెస్టర్న్ డిస్టర్బెన్స్, కశ్మీర్ లోయను కమ్ముకుంది. తెల్లవారేసరికి హోటల్ ముందు నిలిపిన కార్ల ఆనవాళ్లు కూడా మిగలలేదు. మధ్య స్టేషన్ కొంగ్‌డూరి నుంచి దాదాపు 3,950 మీటర్ల ఎత్తున, అఫర్వత్ కొండ మీదున్న స్టేషన్‌కు తీసుకుపోయే గోండోలా (కేబుల్ కారు) రెండో దశను ఆ రోజు తెరవలేదు. టికెట్లు కొన్న పర్యాటకులు విసుక్కున్నారు గానీ, అసలు ప్రమాదం చలి కాదు, మంచు చరియలని వారిలో చాలామందికి తెలిసినట్టు లేదు.

మా స్థానిక గైడ్ అడవి అంచున, వాలు తక్కువగా ఉన్న చోట, పారతో నిలువు గుంత తవ్వి దాని గోడను చేతి తొడుగుతో తుడిచాడు. పైన రాత్రి కురిసిన మెత్తటి మంచు, దాని కింద గాలికి బిగిసిన పలక, అడుగున పిడికిట నిలవని పంచదార లాంటి పలుకులు. డిసెంబరు 21న మొదలయ్యే చిల్లై కలాన్ అనే తీవ్రమైన చలి నలభై రోజుల్లో మంచు పలుచగా ఉండి ఆకాశం నిర్మలంగా ఉంటే, నేల వెచ్చదనానికీ పైనున్న చలికీ మధ్య నీటి ఆవిరి మంచులోంచి పైకి కదులుతూ రేణువుల మధ్య పట్టును సడలిస్తుంది. ఆ తర్వాత పడే మంచు బరువంతా ఆ బలహీనమైన పొరే మోయాలి. ఆ పొర ఎంత గట్టిదో చూడటానికి గోడలోంచి ఒక మంచు స్తంభాన్ని కోసి, దానిపై పార ఉంచి, మణికట్టు విసురుతో పది దెబ్బలు కొట్టాడు, ఏమీ కాలేదు. మోచేతి విసురుతో మొదలుపెట్టాడో లేదో, పై పలక ఒక్క ముక్కగా జారి అతని మోకాళ్ల మీద పడింది.

మంచు చరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద. స్కీయర్లు కోరుకునేదీ ఆ వాలులనే, పేచీ అంతా అక్కడే. 2010 ఫిబ్రవరిలో ఇక్కడి ఖిలన్‌మార్గ్‌లో శిక్షణ పొందుతున్న సైనికుల్లో 17 మంది చరియ కింద ప్రాణాలు కోల్పోయారు.

మర్నాడు ఎండ కాసినా గైడ్ పైకి ఒప్పుకోలేదు. శిఖరం మీద గాలి ఇంకా మంచును ఎగరేసి అవతలి వాలు మీద పోగుచేస్తోందని, మంచు కురవడం ఆగినా అక్కడ బరువు పెరుగుతూనే ఉంటుందని చెప్పాడు. చరియ కింద చిక్కుకున్నవారి జాడ తెలిపే రేడియో పరికరాలు, అందరి బీకన్లూ పనిచేస్తున్నాయో లేదో ఒక్కొక్కటిగా పరీక్షించి, పైన నిటారు వాలు లేని దేవదారు అడవిలోకే మమ్మల్ని తీసుకువెళ్లాడు.