అలిగిన బతుకమ్మ నాడు తగ్గిన జ్వరం

పెత్రమాసకు పదిహేను రోజుల ముందు నుంచి మా ఇంట్లో మనుషుల కంటే జాకెట్ ముక్కలే ఎక్కువ కనిపిస్తాయి. నల్లగొండలో మా గల్లీలో నేను కాక ఇంకో ఇద్దరు కుడతారు. అయినా బతుకమ్మ వస్తుందంటే ముగ్గురికీ ఊపిరాడదు. "అక్కా, నాది సద్దులకు కావాలె, మర్చిపోకు" అని ఒకరు, "ఎంగిలిపూలకే ఇస్తనన్నవ్ గదా" అని ఇంకొకరు. పోయినేడాది నలభై రెండు లైనింగు జాకెట్లు ఒప్పుకున్నాను. ఒప్పుకునేటప్పుడు పాపకు ఏడేళ్లు, చిన్నోడికి మూడేళ్లు అన్న సంగతి ఎందుకో గుర్తుండదు.

మా ఆయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తారు. పొద్దున ఏడున్నరకు బస్సెక్కితే మళ్లీ ఇంట్లో కాలు పెట్టేది రాత్రి తొమ్మిదికే. దసరా సెలవులు ఇచ్చారంటే పిల్లలిద్దరూ రోజంతా మిషన్ చుట్టే. చిన్నోడికి బాబిన్లు దొర్లించడం ఆట, వాటిని బీరువా కింద నుంచి చీపురుపుల్లతో లాగడం నాకు పని. అత్తమ్మ ఉంటుంది కాబట్టి వంట సగం గట్టెక్కుతుంది. మిగతా సగం, బట్టలు, నీళ్లు పట్టడం, పాప జడలు, చిన్నోడి గొడవలు, వీటన్నిటి మధ్యలో కటింగ్.

అటుకుల బతుకమ్మ నాటి సాయంత్రం హుక్కులు కుడుతుంటే సూదిలో దారం ఎక్కలేదు. కళ్లజోడు మార్చాలేమో అనుకున్నాను. కాసేపటికి అర్థమైంది, కనుచూపు సంగతి కాదు, కనుగుడ్లు కదిపితేనే నొప్పి. లోపలి వైపు నుంచి ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టు. ఆ వెంటనే చలి. రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకమన్నాయి. థర్మామీటర్‌లో 103 చూపించింది.

మరునాడు ముద్దపప్పు బతుకమ్మ. నడుము, మోకాళ్లు, మణికట్లు, ఒక్కో ఎముకనూ విడివిడిగా విరిచి మళ్లీ అతికించినట్టుంది. మా ఆయన మెడికల్ షాపులో ఒళ్లు నొప్పులని చెప్పి గోళీలు తెచ్చారు. రెండు వేసుకున్నాను. చెమటలు పట్టి కాస్త తేలికైంది. ఆ ఊపులో ఇంకో జాకెట్‌కు చేతులు అతికించాను కూడా. ఎందుకు చెబుతున్నానంటే, ఆ రెండు గోళీల గురించి తర్వాత డాక్టరమ్మ నన్ను గట్టిగానే కోప్పడింది.

మూడో రోజు సర్కారు దవాఖానకు పోయాం. రక్తం తీసుకున్నారు. ఎన్ఎస్1 పాజిటివ్. డెంగీ. ప్లేట్‌లెట్లు 1,40,000. లక్షన్నర పైన ఉండాలట, అంటే పెద్దగా ఏమీ పడలేదు. "ఇప్పటిదాక ఏం గోళీలేసుకున్నవమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ. కవర్ తీసి చూపించాను. "డైక్లోఫినాక్ ఇది. డెంగీల ఇది గానీ, బ్రూఫిన్ గానీ, ఆస్పిరిన్ గానీ ముట్టుకోవద్దు. రక్తం కారేటట్టు చేస్తయి. పారాసిటమాల్ ఒక్కటే, అది గూడ ఆరు గంటలకొకటి" అంది. షాపాయన జ్వరం సంగతి అడగలేదు, మేమూ చెప్పలేదు. నొప్పులంటే నొప్పుల గోళీ ఇచ్చాడు.

ఇంకో మాట కూడా చెప్పింది, అది నాకు కొత్త. నేను పగలు కూడా దోమతెరలో పడుకోవాలట. నా కోసం కాదు, పిల్లల కోసం. ఈ దోమ పగలే కుడుతుంది, కాళ్ల మీద తెల్ల చారలుంటాయి. జ్వరంలో ఉన్న నన్ను కుట్టిన దోమ కొన్నాళ్లకు ఇంట్లో వాళ్లను కుడితే వాళ్లకూ అంటుతుంది. అంతకుముందు రెండు రాత్రులూ చిన్నోడిని పక్కలోనే వేసుకుని పడుకున్నాను. అది గుర్తొచ్చి కడుపులో చేయి పెట్టి తిప్పినట్టయింది.

ఆ మధ్యాహ్నం నుంచి నేను తెర లోపల, చిన్నోడు బయట. వాడికి ఇదంతా ఆటే అనిపించింది మొదట. తెరకు మొహం ఆనించి ముక్కు నొక్కుకునేవాడు. జాలీ గళ్లన్నీ వాడి బుగ్గ మీద అచ్చు పడేవి. నేను లోపలి నుంచి వేలితో వాడి ముక్కు తాకితే నవ్వేవాడు. రెండో రోజుకు ఆట అయిపోయింది. "అమ్మా, బయటికి రా" అని తెర అంచు పట్టుకుని గుంజుతూ ఏడుపు. అత్తమ్మ ఎత్తుకుని గల్లీ చివరి దాకా తిప్పుకొచ్చేది. అట్ల బతుకమ్మ నాడు ఆమె ఒక్కతే అట్లు పోసి, పాపకు జడ వేసి, పూలు పేర్చి, ఆట దగ్గరికి తీసుకుపోయింది. నాకు అట్ల వాసనకే వికారం.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, ఆడరు. ఇది జ్వరం వచ్చిన ఐదో రోజు. పొద్దున లేచి చూస్తే ఒళ్లు చల్లగా ఉంది. థర్మామీటర్ 98 చూపించింది. ఎంత సంతోషమనుకున్నారు! తలస్నానం చేశాను. అత్తమ్మ వద్దంటున్నా నాలుగు చపాతీలు చేశాను. ఎలాగూ ఈ రోజు ఆట లేదు, సాయంత్రం దాకా కూర్చుంటే మూడు జాకెట్లు తేలతాయని మిషన్ ముందు కూర్చున్నాను. కొలత జాకెట్ తీసి పరిచాను గానీ అంగుళాలు లెక్కపెడుతుంటే అంకెలు జారిపోతున్నాయి. నీరసమే కదా అనుకున్నాను.

మూడింటికి కడుపు కుడి పక్కన నొప్పి మొదలైంది. వాంతి అయింది. గ్లాసు నీళ్లు తాగితే అవీ వచ్చాయి. మళ్లీ, మళ్లీ. పాప వచ్చి నా చేయి పట్టుకుని, "అమ్మా, నీ చేతులు ఫ్రిజ్జుల పెట్టినట్టున్నయ్" అంది. చెమట, కానీ చల్లటి చెమట. నోరు పుక్కిలిస్తే ఉమ్మిలో ఎర్రటి జీర. పొద్దుటి నుంచి ఒంటేలుకు పోయింది ఒక్కసారే అని అప్పుడు తట్టింది. అత్తమ్మ పక్కింటి ఆటో అబ్బాయిని పిలిచింది. "జరం తగ్గింది గదా, ఏం కాదు" అన్నాను నేను. "ఏం కాదో అయితదో వాళ్లు చెప్తరు, నడువు" అంది. పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఆమె నామీద గొంతు పెంచింది అదే మొదటిసారి అనుకుంటా. ఆ గొంతే నన్ను ఆటో ఎక్కించింది.

డెంగీలో జ్వరం తగ్గే రోజే అసలు గండమని దవాఖానలో మంచం మీద పడుకున్నాకే తెలిసింది. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో జ్వరం దిగిపోతుంది. అప్పుడే ఒకటి రెండు రోజుల పాటు సన్నటి రక్తనాళాల్లోంచి రక్తంలోని నీరు బయటికి కారుతుంది. మిగిలిన రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. డాక్టరమ్మ చెబుతుంటే నాకు నా భాషలో అర్థమైంది. నేత సడలిన బట్టలో నీళ్లు పోస్తే నిలవవు, అంతే.

ప్లేట్‌లెట్లు 62,000. అవి కాదు ఆమె ముందు చూసింది, పీసీవీ అనే ఇంకో అంకె. మూడో రోజు 36 ఉన్నది 44 అయింది. రక్తం ఎంత చిక్కబడిందో అది చెబుతుందట. సెలైన్ పెట్టారు. ఆ రాత్రంతా సిస్టర్ వచ్చి బీపీ చూడడం, నాడి చూడడం, ఎన్ని మిల్లీలీటర్లు పోసిందో కొలిచి రాసుకోవడం. సెలైన్ ఎక్కువైనా ప్రమాదమే, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందని చుక్క చుక్కా లెక్కపెట్టి ఎక్కించారు. పది ఇళ్ల జాకెట్ల కొలతలు నోటికి చెప్పే నేను, నా ఒంటి లెక్క ఇంకొకరు రాసుకుంటుంటే చూస్తూ పడుకున్నాను.

మరునాడు ప్లేట్‌లెట్లు 28,000కు పడ్డాయి. ఇక బంధువుల హడావుడి చూడాలి. వచ్చినవాళ్లంతా "తెల్లకణాలు పడిపోయినయంట గదా" అనేవాళ్లే. తెల్ల రక్తకణాలు వేరు, ప్లేట్‌లెట్లు వేరు. ఆ ముక్క చెబితే నాకే జ్వరం నెత్తికెక్కిందన్నట్టు చూశారు. హైదరాబాద్ తీసుకుపోదామని ఒకరు, ప్లేట్‌లెట్లు ఎక్కించమని అడుగమని ఒకరు. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. డాక్టరమ్మ ఆయనను పక్కకు పిలిచి, రక్తస్రావం లేనప్పుడు అంకె చూసి ఎక్కించడం ఉండదని, 10,000 కంటే కిందికి పోతే అప్పుడు ఆలోచిస్తామని చెప్పింది. "పీసీవీ దిగుతున్నది, ఒంటేలు మంచిగొస్తున్నది, బీపీ నిలబడ్డది. నాకు గివి ముఖ్యం" అంది.

పండ్ల సంగతి వేరే రాయాలి. కివీలు వచ్చాయి, డ్రాగన్ ఫ్రూట్లు వచ్చాయి, ఒక్కోటి నేను చీరకు ఫాల్ కుట్టిన కూలికి తక్కువ కాదు. బొప్పాయి ఆకు రసం ఒక సీసాలో వచ్చింది. ఒక్క మూత తాగానో లేదో, పొద్దుటి నుంచి ఆగిన వాంతి మళ్లీ మొదలైంది. సిస్టర్ సీసా తీసుకుపోయి సింకులో పోసింది. నాకు కడుపులో నిలబడింది మాత్రం మా అమ్మ తెచ్చిన బత్తాయి రసమే. అమ్మవాళ్లది చండూరు వైపు, అక్కడ బత్తాయి తోటలున్నాయి. గోనెసంచిలో సగం తెచ్చి మంచం కింద పెట్టింది. ఓఆర్ఎస్, పలుచటి మజ్జిగ, గంజి, మధ్యలో బత్తాయి. ఒక్కసారి గ్లాసు కాకుండా గుక్కెడు గుక్కెడు. అమ్మ పక్కన కూర్చుని తొనల మీది తెల్లటి పొర ఒలుస్తుంటే, నేనూ ఒకరి బిడ్డనే అన్న సంగతి చాన్నాళ్లకు గుర్తొచ్చింది.

పండగ ఎనిమిదో రోజు 31,000. తొమ్మిదో రోజు, సద్దుల నాడు, 68,000. మూడు రోజులుగా జ్వరం లేదు, ఆకలవుతోంది, ఇంటికి పొమ్మన్నారు.

ఆటోలో వస్తుంటే తోవ పొడుగునా బంతి, గునుగు, తంగేడు కుప్పలు. ఇంటికొచ్చేసరికి అత్తమ్మ, పాప కలిసి ఒక చిన్న బతుకమ్మ పేర్చారు. గునుగు వరస ఒక పక్కకు ఒరిగింది, రంగు సరిగా అంటలేదు. పాప దాని ముందు నిలబడి, "నేనే చేసిన" అంది. గల్లీలో ఉయ్యాలో పాట మొదలైంది. నేను కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని చూశాను. చుట్టూ తిరుగుతున్న ఆడవాళ్ల వీపులు చూస్తూ ఏ జాకెట్ నేను కుట్టిందో, ఏది ఇంకొకరు కుట్టిందో గుర్తుపట్టడం తప్ప ఇంకో ధ్యాస లేదు. నలభై రెండులో ముప్పై ఒకటి జ్వరానికి ముందే అయ్యాయి. మిగతా పదకొండులో ఆరు పక్క టైలరమ్మ తనంతట తానే తీసుకుపోయి కుట్టిచ్చింది, పైసలు కూడా నాకే పంపింది. మూడు గుడ్డలు వాళ్లు వచ్చి పట్టుకుపోయారు, అందులో ఒకామె గడప దాకా వచ్చి, బాగున్నావా అని కూడా అడగకుండా పోయింది. పండగ టెన్షన్‌లో ఎవరి బాధ వారిది, నేనేమీ అనుకోలేదు. కొంచెం అనుకున్నాను.

ఆ రాత్రి కాళ్లకు, చేతులకు ఎర్రటి దద్దు లేచింది. ఎర్ర గుడ్డ మీద తెల్ల చుక్కల ప్రింటు వేసినట్టు మధ్య మధ్యలో తెల్ల మచ్చలు. అరిచేతులు ఒకటే దురద. కోలుకునేటప్పుడు ఇలా వస్తుందని ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు, నిద్ర మాత్రం లేదు.

దసరా అయ్యాక మున్సిపాలిటీ వాళ్లు గల్లీలో ఇల్లిల్లూ తిరిగారు. అప్పటికి మా వరసలో ఇంకో రెండిళ్లలో జ్వరాలున్నాయి. మా తప్పు పూల బకెట్‌దే అని నేను ఒప్పేసుకున్నాను. తంగేడు, గునుగు వాడిపోకుండా అందులోనే కదా పెట్టాం. వచ్చిన అబ్బాయి నవ్వి, "ఒక్క రాత్రికి దోమ కాదు మేడం, గుడ్డు నుంచి దోమ అయ్యేసరికి వారం పైనే పడతది" అని ఇల్లంతా తిరిగాడు. బాల్కనీలో ఎండాకాలం అయ్యాక పక్కకు నెట్టి, పైన పాత చీర కప్పిన కూలర్ ఉంది. చీర తీసి, అడుగు తొట్టిలోంచి తెల్ల మగ్గుతో నీళ్లు ముంచి నా ముందు పెట్టాడు. అందులో కామా గుర్తుల్లాంటివి, తల్లకిందులుగా వేలాడుతూ, మగ్గు కదిలిస్తే మెలికలు తిరుగుతూ అడుగుకు పోతున్నాయి. పాప లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పదిహేడు దాకా వచ్చి తప్పింది. నీళ్లు పారబోస్తే చాలదు, తొట్టి గోడలకు గుడ్లు అంటుకుని నెలల తరబడి ఎండి కూడా బతుకుతాయి, పీచుతో రుద్దాలి అన్నాడు. ఆ కూలర్‌కు నాలుగడుగుల దూరంలో నా మిషన్. గాలి బాగా వస్తుందని నేనే అక్కడ వేయించుకున్నాను.

అప్పటి నుంచి శుక్రవారం శుక్రవారం పాప చీపురు పట్టుకుని తనిఖీకి బయలుదేరుతుంది. ఫ్రిజ్జు వెనకాల తొట్టి కూడా ఉంటుందని నాకు దాని వల్లే తెలిసింది. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి డ్రమ్ములు లేకుండా మాకు గడవదు. వాటికి పాత కాటన్ చీర గుడ్డ కట్టి ఎలాస్టిక్ కుట్టాను, జ్వరం తర్వాత నేను కుట్టిన మొదటి కుట్టు అదే.

ఎలాస్టిక్ కుట్టడానికే మూడుసార్లు ఆగాల్సి వచ్చింది. పది నిమిషాలు మిషన్ తొక్కితే పిక్కలు వణికేవి. దీపావళికి పిల్లలతో కాకరపుల్లలు కాల్పించి లోపలికొచ్చి పడుకున్నాను. మిగిలిన రెండు జాకెట్లు కార్తీక పున్నమికి తేలాయి. వాటి కూలి తీసుకోలేదు.

సంక్రాంతి దగ్గరికొస్తుంటే జుట్టు ఊడడం మొదలైంది. దువ్వెన పెడితే గుప్పెడు. ఇంకేదో రోగమని మళ్లీ దవాఖానకు పరుగెత్తాను. పెద్ద జ్వరం తర్వాత రెండు మూడు నెలలకు ఇలా ఊడుతుంది, మళ్లీ వస్తుంది అన్నారు. అత్తమ్మ మాత్రం ఊడినదంతా ఉండలు చుట్టి కిటికీ ఊచలకు కవర్‌లో వేలాడదీసింది. పండగ అయ్యాక వెంట్రుకలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె గల్లీలోకొస్తే తూకం దగ్గర అరగంట బేరమాడి ఒక గిన్నె తీసుకుంది. మూత లేదని ఇంకా సణుగుతూనే ఉంది. చిన్నోడు ఇప్పుడు బాబిన్లు ఆ గిన్నెలో వేసి మోగిస్తున్నాడు.