నాగ్రా 3 మరమ్మతు: మోటారు దారికొచ్చింది

నాగ్రా 3 అనే పాత టేప్ రికార్డర్‌ని బాగుచేస్తున్నాను, మెషిన్ ఇప్పుడు తిరుగుతోంది. సెకనుకు 19 సెంటీమీటర్ల టేపు వేగం గట్టిగా నిలబడుతోంది. 38 దగ్గర మాత్రం స్వరం ఇంకా కాస్త వణుకుతోంది, దాని సంగతి చివర్లో.

అసలు సమస్య ఏంటంటే, స్విచ్ వేయగానే మోటారు పిచ్చిపట్టినట్టు పూర్తి వేగంతో పరిగెత్తేది. ఎందుకో తెలియాలంటే దీన్ని తయారు చేసినాయన ఆలోచన తెలియాలి. స్టెఫాన్ కుడెల్‌స్కీ 1929లో వార్సాలో పుట్టాడు. యుద్ధం మొదలవగానే కుటుంబమంతా పోలండ్ వదిలి, చివరికి స్విట్జర్లాండ్ చేరింది. లోజాన్‌లో ఇంజినీరింగ్ చదువుతూనే 1951లో నాగ్రా 1 కట్టాడు. వాల్వులకు (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాలు) బ్యాటరీ, టేపు తిప్పడానికి మాత్రం పాత గ్రామఫోన్‌లా కీ ఇచ్చే స్ప్రింగ్. రేడియో విలేకరులు ముచ్చటపడ్డారు. కానీ సినిమావాళ్లకు అది సరిపోదు, బొమ్మకూ మాటకూ పొంతన కుదరాలంటే వేగం వెంట్రుకవాసి కూడా తప్పకూడదు.

1958లో వచ్చిన నాగ్రా 3 ఆ ముడి విప్పింది. ట్రాన్సిస్టర్లు వచ్చాయని అందరూ చెబుతారు, నా దృష్టిలో అసలు గొప్పతనం మోటారుది. షాఫ్టు మీద పళ్ల చక్రం, దాని పక్కనే చిన్న కాయిల్. చక్రం తిరుగుతుంటే కాయిల్‌లో సిగ్నల్ పుడుతుంది. ఆ ఫ్రీక్వెన్సీ తగ్గితే సర్క్యూట్ మోటారుకు కరెంటు పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. అందుకే 12 పెద్ద టార్చి సెల్లు కొత్తవైనా, సగం అయిపోయినా టేపు వేగం మారదు. అంతకుముందు సినిమా సౌండ్ అంటే పెద్ద పెట్టెలు, వ్యాను. దీనితో అదంతా భుజానికి తగిలించుకునే సంచిలోకి వచ్చేసింది. 1960ల మొదట్లోనే, కెమెరా వేగాన్ని తెలిపే 50 హెర్ట్జ్ (సెకనుకు 50 సార్లు ఊగే) పైలట్ సిగ్నల్‌ని మాటతో పాటు అదే టేపు మీద ఎక్కించే మోడల్ కూడా వచ్చింది. ఆస్కార్ అకాడమీ కుడెల్‌స్కీకి 1965లో సాంకేతిక పురస్కారం, 1990లో గోర్డన్ ఇ. సాయర్ పురస్కారం ఇచ్చింది.

ఇక మన మోటారు. కాయిల్ సిగ్నల్ రాకపోతే సర్క్యూట్‌కి మోటారు ఆగిపోయినట్టే లెక్క, ఉన్న కరెంటంతా పోసేస్తుంది. మల్టీమీటర్ పెడితే కాయిల్ దగ్గరి వైరు తెగి ఉంది. పైన తొడుగు బాగానే ఉంది, లోపలి రాగి పోగు ఆకుపచ్చగా తుప్పుపట్టి పొడైంది. కొత్త పోగు సోల్డర్ చేశాను. చక్రానికీ కాయిల్‌కీ మధ్య ఖాళీని ఎవరూ ముట్టుకోకండి, ఫ్యాక్టరీలో సరిచేసింది అలాగే ఉండనివ్వండి.

వేగం చూడ్డానికి టేపు దారిలో ఉన్న రోలర్ మీద గీతలున్నాయి. వాటి మీద 50 హెర్ట్జ్ ఇంటి కరెంటుతో మిణుకుమనే వెలుతురు పడితే కదలకుండా నిలబడ్డట్టు కనిపించాలి. చాలా ఎల్ఈడీ బల్బుల కింద ఇది కనబడదు, మిణుకు ఉండదు కదా. స్టోర్‌రూమ్‌లో చోకున్న పాత ట్యూబ్‌లైట్ పనికొచ్చింది. దాన్ని మార్చమని ఇంట్లో ఎప్పట్నుంచో పోరు, ఇంకొన్నాళ్లు ఆగాల్సిందే.

టేపు మీద ధ్వనిని ఎక్కించి, చదివే హెడ్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. పించ్ రోలర్‌కి (టేపును తిరిగే షాఫ్టుకు అదిమి పట్టే రబ్బరు చక్రం) మాత్రం అది వద్దు, రబ్బరు ఎండిపోతుంది. తేలిక సబ్బునీళ్లు, పొడిగుడ్డ చాలు. డీమాగ్నెటైజర్ (హెడ్లలో మిగిలిన అయస్కాంతత్వం పోగొట్టే పరికరం) వాడేటప్పుడు మెషిన్ ఆఫ్‌లో ఉండాలి. ఆ పరికరాన్ని హెడ్ నుంచి నెమ్మదిగా చేయి చాచినంత దూరం తెచ్చాకే దాని స్విచ్ తీయాలి. సెల్లకు బదులు పవర్ సప్లై పెట్టేవాళ్లు పోలారిటీ (ప్లస్, మైనస్ ఎటో) మాన్యువల్‌లో చూసుకున్నాకే కలపండి, తిరగబడితే పాడయ్యేవి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, దొరకడం కష్టం.

మూత మూసి వాడితే 5 అంగుళాల రీలే పడుతుంది. 180 మీటర్ల టేపు 19 వేగంలో పావుగంటకు కాస్త ఎక్కువ వస్తుంది. కొత్త టేపు ఫ్రాన్స్‌లో రికార్డింగ్ ది మాస్టర్స్ వాళ్లు ఇంకా చేస్తున్నారు, ధర మాత్రం గుండె గుభేల్‌మనేలా ఉంది.

38 దగ్గర వణుకుకి పించ్ రోలర్ మీదే నా అనుమానం. రబ్బరు ఒక పక్క గట్టిపడింది, గోరుతో నొక్కితే తెలుస్తోంది. కొత్త రబ్బరు వేయించడానికి పంపుతున్నాను. అది తిరిగొచ్చేలోపు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఒక్కొక్కటే కొలిచి, పోయినవి మారుస్తాను.